గోరింటాకు ఎందుకు పోతుంది, పచ్చబొట్టు ఎందుకు పోదు

ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు అరచేతిలో రెండు మూడు వారాలకే వెలిసిపోతుంది. గోళ్ళ మీది ఎరుపు మాత్రం దసరా నాటికి కూడా చివర్లలో నెలవంకలా మిగిలి ఉంటుంది. ఇక అమ్మమ్మ చిన్నప్పుడు ముంజేతి మీద పొడిపించుకున్న పచ్చబొట్టు ఆమెకు 80 ఏళ్ళు వచ్చినా అలాగే ఉంటుంది. మూడూ రంగులే, మూడూ చేతి మీదివే. తేడా అంతా రంగు ఎంత లోతుకు దిగింది, దిగిన చోట ఏముంది అన్నదానిలోనే.

ఆ లోతు కూడా ఏమంత ఎక్కువ కాదు. గోరింటాకుది మిల్లీమీటరులో చిన్న భాగం, పచ్చబొట్టుది ఒకటి రెండు మిల్లీమీటర్లు. స్కూల్లో చర్మం అనగానే మూడు పొరల బొమ్మ గీయించి, పేర్లు బట్టీ పట్టిస్తారు. పేర్లు మర్చిపోయినా పెద్ద నష్టం లేదు. ఏ పొర ఎంత లోతులో ఉంది, ఏది బతికి ఉంది, ఏది చచ్చింది అన్నది తెలిస్తే మాత్రం మచ్చ మిగిలే గాయం ఏదో, పనిచేయని క్రీమ్ ఏదో, నొప్పి లేని కాలిన గాయం ఎందుకు ప్రమాదమో వాటంతట అవే అర్థమవుతాయి.

పెద్దవాళ్ళ చర్మాన్ని పరిచి కొలిస్తే సుమారు 1.5 నుంచి 2 చదరపు మీటర్లు ఉంటుంది, అంటే సింగిల్ మంచం మీద పరిచే దుప్పటంత. పైన బాహ్యచర్మం, దాన్నే ఎపిడెర్మిస్ అంటారు. దాని కింద డెర్మిస్ అనే అంతశ్చర్మం, అట్టడుగున కొవ్వు పొర. బాహ్యచర్మం మందం కనురెప్ప మీద 0.05 మిల్లీమీటర్లు, అరికాలులో సుమారు 1.5 మిల్లీమీటర్లు. ఒకే మనిషి ఒంటి మీద ముప్ఫై రెట్ల తేడా. ముఖానికి రాసే మందు అరికాలుకు ఎక్కకపోవడానికీ, అరికాలుకు రాసే ఘాటు మందు కనురెప్పను పాడుచేయడానికీ ఇదే కారణం.

బాహ్యచర్మంలో నూటికి 90 దాకా ఒకే రకం కణాలు. కెరటిన్ అనే గట్టి ప్రొటీన్‌ను తయారుచేస్తాయి కాబట్టి వాటికి కెరటినోసైట్లని పేరు. అన్నిటికన్నా అడుగు వరసలో ఇవి పుడతాయి. కింద కొత్తవి పుట్టుకొస్తుంటే పాతవి పైకి జరుగుతాయి. జరిగేకొద్దీ లోపల కెరటిన్ నింపుకుంటాయి, చదునవుతాయి, చివరికి తమ కేంద్రకాన్ని తామే కరిగించుకుని చచ్చిపోతాయి. ఇది అనుకోకుండా వచ్చే చావు కాదు, ముందే రాసిపెట్టి ఉన్నది. ఈ కణం అసలు ఉద్యోగం చచ్చాకే మొదలవుతుంది. పైన పదిహేను ఇరవై వరసలుగా పేర్చుకున్న ఈ చచ్చిన కణాల పొరే స్ట్రాటమ్ కార్నియమ్. కొమ్ము లాంటి పొర అని ఆ మాటకు అర్థం. ఎద్దు కొమ్ములో, గోటిలో, వెంట్రుకలో ఉన్నదీ ఈ కెరటినే. అద్దంలో చూసుకుని మురిసిపోయేది, సబ్బుతో రుద్దేది, పౌడర్ అద్దేది అంతా ఈ చచ్చిన పొరనే.

అడుగున పుట్టిన కణం పొట్టుగా రాలిపోవడానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందులో చివరి రెండు వారాలు ఈ చచ్చిన పొరలోనే గడుస్తాయి. గోరింటాకు లెక్క ఇక్కడే తేలుతుంది. ఆకులోని లాసోన్ అనే చిన్న అణువు కెరటిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, కానీ చచ్చిన పొర దాటి కిందికి పోదు. ఆ పొర రాలినప్పుడు దానితోపాటే రంగూ రాలుతుంది. గోరు రాలదు, నెలకు సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున ముందుకు పెరుగుతుంది. అందుకే గోటి ఎరుపు పోవాలంటే కత్తిరించుకుంటూ నెలల తరబడి ఆగాలి. అరచేతిలో ఎర్రగా పండిన గోరింటాకు ముంజేతి మీద లేత నారింజ రంగులో ఆగిపోవడానికీ కారణం మందమే. ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడన్న మాట సంగతేమో గానీ, కాయకష్టం చేసి చేతులు కాయలు కాచినవాళ్ళకు రంగు పట్టుకునే పొర మాత్రం దండిగా ఉంటుంది. చేతి కాయ అంటే ఇంకేమీ కాదు, రాపిడిని తట్టుకోవడానికి దళసరెక్కిన చచ్చిన పొరే. నల్లగా పండే కోన్ల సంగతి వేరు. వాటిలో చాలావాటిలో జుట్టు రంగులో వాడే పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది కొందరికి బొబ్బలు తెప్పిస్తుంది.

చచ్చిన పొరను గోడతో పోలుస్తారు. కణాలు ఇటుకలు. ఇటుకల మధ్య సున్నం పని చేసేవి సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. రక్త పరీక్షలో కనబడితే టెన్షన్ పెట్టే కొలెస్ట్రాలే ఇక్కడ గోడ కారకుండా కాపలా కాస్తుంది. ఈ గోడ లేకపోతే ఒంట్లోని నీళ్ళు ఆవిరైపోయి మనిషి ఎండిపోతాడు. గోడ బాగున్నా చెమట పట్టని రోజున కూడా చర్మం గుండా మూడు నాలుగు వందల మిల్లీలీటర్ల నీళ్ళు తెలియకుండా పోతూనే ఉంటాయి. ఇటుకలు గట్టిపడడానికి ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ కావాలి. దాని జన్యువులో లోపం ఉన్నవాళ్ళకు చర్మం పొడిబారడం, పసిపిల్లల్లో దురదతో కూడిన ఎగ్జిమా రావడం ఎక్కువని 2006లో తేలింది. అంతకు ముందు దాకా ఎగ్జిమాను ప్రధానంగా లోపలి అలర్జీగానే చూసేవారు. గోడకే బీట ఉండొచ్చన్నది ఆ తరవాత బలపడిన ఆలోచన.

సబ్బు విషయంలోనూ గోడ లెక్కే. చర్మం పైభాగం కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది, పీహెచ్ సుమారు 5. మామూలు సబ్బు క్షార గుణం కలది, పీహెచ్ 9 నుంచి 10 దాకా. మురికితోపాటు ఇటుకల మధ్య సున్నాన్నీ కొంత ఎత్తుకుపోతుంది. చలికాలంలో ఒళ్ళు తెల్లగా బరుకుదేలేది అందుకే. స్నానం చేసి తుడుచుకున్న వెంటనే కొబ్బరినూనె రాసుకునే పాత అలవాటు ఆ బీటల్ని పూడ్చేదే. నూనె లోపలికి ఇంకి పోషిస్తుందని కాదు, పైనే ఉండి నీళ్ళను పోనివ్వదు.

లోపలికి ఏది పోతుంది, ఏది పోదు అన్నదానికి ఒక మోటు కొలత ఉంది. అణుభారం 500 డాల్టన్లు దాటితే ఆ పదార్థం చచ్చిన పొరను దాటడం చాలా కష్టం. నికోటిన్ భారం 162, కాబట్టి దాన్ని పట్టీలో పెట్టి అంటిస్తే నెత్తురులోకి చేరుతుంది. చర్మానికి బిగువునిచ్చే ప్రొటీన్ కొల్లాజెన్ భారం సుమారు మూడు లక్షలు. కొల్లాజెన్ క్రీమ్ రాస్తే ముడతలు పోతాయన్న ప్రకటన ఎంత ఖరీదైన డబ్బా మీద ఉన్నా, ఆ కొల్లాజెన్ గుమ్మం బయటే నిలబడి ఉంటుంది. తేమ పట్టి ఉంచుతుందంటే ఒప్పుకోవచ్చు, అంతకు మించి కాదు.

గజ్జి, తామర అని జంటగా తిట్టే రెండూ ఈ చచ్చిన పొరలోనే కాపురం ఉంటాయి. గజ్జి పురుగు ఆడది ఈ పొరలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. తామర శిలీంధ్రానికి కెరటినే తిండి, అందుకే బతికున్న పొరల జోలికి అది సాధారణంగా పోదు. అలాంటప్పుడు దురద, ఎర్రటి వలయం ఎక్కడివి? అవి కింద ఉన్న బతికిన పొరల ఎదురుదాడి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే కలగూర ఆయింట్‌మెంట్‌తో వచ్చే చిక్కు ఇక్కడే. అందులోని స్టెరాయిడ్ ఆ ఎదురుదాడిని ఆపేస్తుంది. దురద తగ్గుతుంది, ఎరుపు తగ్గుతుంది, పైన శిలీంధ్రం మాత్రం అడ్డూ అదుపూ లేకుండా పాకుతుంది. నెలల తరబడి రాస్తే కింది పొరలో కొల్లాజెన్ తగ్గి చర్మం కాగితంలా పలచబడుతుంది, తొడల మీద చారలు పడతాయి. దేశంలో మందులకు లొంగని తామర ఇంతగా పెరగడానికి ఈ ఆయింట్‌మెంట్లు ఒక ముఖ్య కారణమని చర్మ వైద్యులు మొత్తుకుంటూనే ఉన్నారు. చాలా స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో నిబంధన వచ్చింది. చీటీ అడిగే షాపులు ఎన్ని ఉన్నాయో కొనేవాళ్ళకే తెలుసు.

బాహ్యచర్మం అడుగు వరసలో కెరటినోసైట్ల మధ్య అక్కడక్కడా మెలనోసైట్లు ఉంటాయి. రంగు తయారీ వీటి పని. ఒక్కో మెలనోసైట్ తన కొమ్మలు చాచి ముప్ఫై నలభై కణాలకు మెలనిన్ రేణువుల్ని పంచుతుంది. పుచ్చుకున్న కణం ఆ రేణువుల్ని తన కేంద్రకం మీద, ఎండ తగిలే వైపు, గొడుగులా అమర్చుకుంటుంది. డీఎన్ఏకు అది నీడ. తెల్లవాళ్ళకైనా, నల్లవాళ్ళకైనా, చామనఛాయ వాళ్ళకైనా మెలనోసైట్ల సంఖ్య దాదాపు ఒకటే. రేణువుల సైజు, సంఖ్య, అవి ఎంతసేపు చెక్కుచెదరకుండా ఉంటాయన్నదే తేడా. పెళ్ళి చూపుల్లో అంత చర్చ జరిగే విషయం ఈ రేణువుల గురించేనన్నమాట.

ఇక్కడ కూడా లోతు ఒక చిత్రం చేస్తుంది. మెలనిన్ పైపైన ఉంటే గోధుమ రంగులో కనిపిస్తుంది. అదే మెలనిన్ అంతశ్చర్మంలోకి జారితే నీలం, బూడిద కలిసినట్టు కనిపిస్తుంది. పైనున్న చర్మం నీలి కాంతిని చెదరగొట్టి వెనక్కి పంపడం దీనికి కారణం. పసిపిల్లల పిరుదుల మీద కనిపించే నీలి మచ్చ అలాంటిదే. రంగు కణాలు కొన్ని పైకి చేరకుండా లోపలే ఆగిపోవడం వల్ల వచ్చిన ఆ మచ్చ సాధారణంగా కొన్నేళ్ళలో దానంతటదే పోతుంది. ఎండకు కమిలిన నలుపు కొన్ని వారాల్లో పొట్టుతోపాటు రాలిపోయి, బుగ్గల మీది మంగు మాత్రం ఏళ్ళ తరబడి మొండికేయడానికీ ఇదొక కారణం. కొందరిలో ఆ రంగు కిందికి దిగి ఉంటుంది, పైన రాసే క్రీమ్ చెయ్యి అంతవరకు చాచలేదు.

బాహ్యచర్మంలో ఇంకో కాపలాదారు ఉన్నాడు. బెర్లిన్‌లో వైద్యవిద్యార్థిగా ఉన్నప్పుడు పాల్ లాంగర్‌హాన్స్ 1868లో కొమ్మల్లాంటి కణాల్ని చూసి అవి నరాలనుకున్నాడు. అవి బయటి సూక్ష్మజీవుల్ని పట్టుకుని లింఫు గ్రంథులకు కబురు చేరవేసే రోగనిరోధక కణాలని తేలడానికి వందేళ్ళకు పైనే పట్టింది. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపుల్ని మరుసటి ఏడాది వర్ణించిందీ ఈయనే.

బాహ్యచర్మానికి రక్తనాళాలు లేవు. చర్మం కొద్దిగా చెక్కుకుపోయి మంట పుట్టినా చుక్క నెత్తురు రాకపోతే గాయం ఆ పొరలోనే ఆగిందని అర్థం. దానికి మచ్చ కూడా మిగలదు. కాలి మడమ పగుళ్ళు చూడండి. అరచేతిలో, అరికాలులో నూనె గ్రంథులు ఉండవు, కాబట్టి మడమ దళసరి పొర ఎండి బీటలిస్తుంది. బీట ఆ పొరలోనే ఉన్నంతకాలం చూడ్డానికే అసహ్యం. అది అంతశ్చర్మానికి చేరిన రోజు నుంచి అడుగు తీసి అడుగు వేయనివ్వదు.

రెండు పొరలూ కలిసే సరిహద్దు గీత నున్నగా ఉండదు. కింది పొర వేళ్ళలా పైకి పొడుచుకొస్తుంది, పై పొర ఆ సందుల్లోకి దిగి పట్టు బిగిస్తుంది. ఈ పట్టు ఊడి మధ్యలోకో, పై పొర లోపలికో నీరు చేరితే అదే బొబ్బ. వేలి చివర్లలో ఈ ఎగుడుదిగుళ్ళు వరసలుగా తీరి పైకి గీతలై కనిపిస్తాయి. తల్లి కడుపులో ఆరు నెలలు నిండేలోపే ఖరారైపోతాయి. గీత అచ్చు అడుగున ఉంది కాబట్టి పైపొర అరిగినా అదే నమూనా మళ్ళీ తేలుతుంది. ఈ నమ్మకంతోనే 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. అయితే రేషన్ షాపు మిషన్ చదివేది అడుగు అచ్చును కాదు, పైకి తేలిన గీతను. సిమెంటు పనిలో, నాట్లలో, బట్టలుతకడంలో ఆ గీత రోజూ అరుగుతూ ఉంటే తేలే తీరిక దొరకదు. వయసు మీదపడితే సరిహద్దు ఎగుడుదిగుళ్ళే చదునవుతాయి. ముసలమ్మ వేలు మిషన్ మీద పదిసార్లు పెట్టినా పడకపోవడంలో ఆమె తప్పేమీ లేదు, మిషన్‌కు చదవడానికి అక్కడ పెద్దగా గీతలే లేవు.

ఇక అంతశ్చర్మం. చెప్పులో, బెల్టులో, డప్పులో ఉండేది ఇదే. జంతువు చర్మాన్ని సున్నపు నీళ్ళలో నానబెట్టి వెంట్రుకలూ బాహ్యచర్మమూ ఊడగొట్టి, అడుగున కొవ్వు గీకేస్తే మిగిలేది అంతశ్చర్మం. దాన్ని తంగేడు చెక్క రసంలో ఊరవేసి తోలు చేయడం దక్షిణాదిలో పాత పద్ధతి. చెక్కలోని టానిన్లు కొల్లాజెన్ పోగుల్ని ఒకదానికొకటి బిగించి కుళ్ళకుండా చేస్తాయి. నీళ్ళు తీసేసి తూస్తే అంతశ్చర్మంలో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా కొల్లాజెనే. దానికి తోడు లాగి వదిలితే వెనక్కి వచ్చే ఎలాస్టిన్ పోగులు. కడుపుతో ఉన్నప్పుడు, కుర్రాళ్ళు ఒక్కసారిగా పొడుగెదిగినప్పుడు పడే చారలు ఈ పోగుల అల్లిక చెదిరిన గుర్తులు. రక్తనాళాలు, చాలావరకు నరాల కొసలు, చెమట గ్రంథులు, వెంట్రుకల కుదుళ్ళు ఉండేవి ఈ పొరలోనే.

పచ్చబొట్టు సూది దిగేదీ ఇక్కడికే. ఇక్కడి కణాలు పైకి ప్రయాణం కట్టవు, కాబట్టి రంగును మోసుకుపోయేవాళ్ళు లేరు. రంగు రేణువుల్ని మాక్రోఫేజ్‌లనే చెత్త ఏరే కణాలు మింగుతాయి గానీ అరిగించుకోలేవు. ఆ కణం చచ్చినప్పుడు రేణువులు బయటపడితే, కొత్తగా వచ్చిన మాక్రోఫేజ్ వాటిని మళ్ళీ మింగుతుందని ఫ్రాన్స్‌లో ఎలుకల మీద చేసిన పరిశోధన 2018లో చూపించింది. అంటే అమ్మమ్మ చేతి మీది చుక్క కదలకుండా పడి ఉన్నది కాదు, చేతులు మారుతూ అక్కడే ఉన్నది. పొడిచే రంగు నల్లటి మసే అయినా దాన్ని పచ్చబొట్టు అన్నారంటే, నీలిమచ్చ విషయంలో చెప్పిన కాంతి చిత్రమే దానికీ కారణం. పేరు పెట్టినవాళ్ళకు భౌతికశాస్త్రం తెలియకపోయినా కన్ను సరిగ్గానే చూసింది.

చెమట గ్రంథులు ఒంటినిండా 20 నుంచి 40 లక్షల దాకా ఉంటాయి. లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి ఒంటి నుంచి పోతుంది. ఆవిరైతేనే, కారిపోతే కాదు. రామగుండంలో 45 డిగ్రీల పొడి ఎండలో చెమట కనబడకుండా ఆరిపోతుంది. విశాఖలో 36 డిగ్రీలకే చొక్కా తడిసి ముద్దయినా ఒళ్ళు చల్లబడదు. ఆ ఉక్కపోతలో చెమట గొట్టం మూత మూసుకుపోతే చెమటకాయలు. మూత చచ్చిన పొరలోనే పడితే నీటి ముత్యాల్లా దురద లేని పొక్కులు, ఇంకాస్త లోతులో పడితే చురచురలాడే ఎర్రటి కాయలు.

సూదిమందు ఇచ్చేవాళ్ళకు ఈ లోతులన్నీ చేతి అలవాటుగా తెలుసు. ఇన్సులిన్ కొవ్వు పొరలో వేస్తారు. అక్కడ నుంచి అది నిదానంగా నెత్తురులోకి చేరుతుంది. క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాను అంతశ్చర్మంలోనే, చిన్న బుడిపె లేచేలా వేస్తారు. ఎడమ భుజం మీది ఆ మచ్చ అంతశ్చర్మంలో జరిగిన పోరాటానికి గుర్తు. కుక్కకాటు టీకాను కూడా ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాలాచోట్ల ఇలాగే 0.1 మిల్లీలీటరు చొప్పున రెండు చోట్ల చర్మంలో వేస్తారు. ఇక్కడ రోగనిరోధక కణాలు దట్టంగా ఉంటాయి కాబట్టి కండలో వేసే దానిలో చిన్న వంతుతోనే పని జరుగుతుంది. తక్కువ మందు వేశారని గొడవపడేవాళ్ళుంటారు గానీ, తక్కువ మందు అక్కడ సరిపోతుంది.

లోతు లెక్క ప్రాణం మీదికి వచ్చేది కాలిన గాయాల దగ్గర. బాహ్యచర్మమే కాలితే ఎరుపు, మంట, వారంలో మానుతుంది. అంతశ్చర్మం పైభాగం కాలితే బొబ్బలు, తాకనివ్వని నొప్పి. మొత్తం మందం కాలితే ఆ చోట తెల్లగానో నల్లగానో తోలులా బిగుసుకుంటుంది, గుచ్చినా తెలియదు. నొప్పి లేదంటే గాయం చిన్నదని చుట్టాలు ఊపిరి పీల్చుకుంటారు. నొప్పి చెప్పాల్సిన నరాల కొసలు కాలిపోయాయి, అంతే. ఏ కాలిన గాయానికైనా ముందు చేయాల్సింది ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళ కింద ఉంచడం. టూత్‌పేస్టు, సిరా, పసుపు పూస్తే వేడి దిగదు సరికదా, డాక్టరుకు లోతు కనబడకుండా పోతుంది.

మానడం ఎక్కడ నుంచి మొదలవుతుందన్నది కూడా లోతే చెబుతుంది. వెంట్రుకల కుదుళ్ళు అంతశ్చర్మంలోకి దిగి ఉన్నా, వాటి లోపలి అస్తరు మాత్రం బాహ్యచర్మపు కణాలదే. పైపొర మొత్తం ఊడినా ఆ గుంతల్లోంచి కణాలు పాకి వచ్చి నేలను మళ్ళీ కప్పుతాయి. సర్జన్లు తొడ నుంచి పలచటి చర్మపు పొర గీసి కాలిన చోట అతికించగలగడం ఈ ధైర్యంతోనే. గీసిన తొడ సుమారు రెండు వారాల్లో తనంతట తానే మానుతుంది. సొంత చర్మం సరిపోనంత కాలితే చనిపోయినవాళ్ళ నుంచి సేకరించిన చర్మాన్ని తాత్కాలికంగా కప్పుతారు. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో అలాంటి స్కిన్ బ్యాంక్ ఉంది. చనిపోయిన ఆరు గంటల్లోపు, ఎక్కువగా తొడలు, కాళ్ళు, వీపు నుంచి పలచటి పొర మాత్రమే తీస్తారు కాబట్టి శరీరం వికృతంగా మారదు.

కుదుళ్ళలో దాగి ఉండేవి కెరటినోసైట్లే కాదు, మెలనోసైట్ల మూలకణాలు కూడా. బొల్లిలో ఒంటి రోగనిరోధక వ్యవస్థే పైనున్న మెలనోసైట్లను చంపేస్తుంది. అది అంటుకునే జబ్బు కాదు, కుష్టు అంతకన్నా కాదు. చికిత్స పనిచేసినప్పుడు తెల్లమచ్చ మధ్యలో వెంట్రుక మొదళ్ళ చుట్టూ ఆవగింజంత గోధుమ చుక్కలు లేస్తాయి, అవి పెరిగి ఒకదాన్నొకటి కలుస్తాయి. ముఖం మీద ఇది చాలామందిలో బాగానే జరుగుతుంది. అరచేతిలో వెంట్రుకలు లేవు. గోరింటాకు అందరికన్నా ఎర్రగా పండే ఆ చోటే, పోయిన సొంత రంగు తిరిగి రావడం అన్నిటికన్నా కష్టమైన చోటుల్లో ఒకటి.